నీ షెడ్డులో నా పౌడరు డబ్బా

మామా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నీ సమాధి మీద పూలు పెట్టి, తిన్నగా ఆత్మకూరులో మన షెడ్డుకొచ్చాను. వరికుంటపాడు మాస్టారు కొత్త బండితో నిలబడి ఉన్నారు. ముందు చక్రానికి ఆయిల్ బ్రేకు. నువ్వు విప్పి చూడాలని ముచ్చటపడ్డ రకమే.

"ఆయిల్ పోస్తా ఉంటే దిగిపోతా ఉండాది. నీ వల్ల కాదులేమ్మా, నెల్లూరికి తీసకపోతా" అన్నారు.

"ముందు బ్రేకు లేకుండా నెల్లూరికెట్టా పోతారు సార్? కూర్చోండి" అన్నాను. పదేళ్లు నీకు స్పానర్లు అందించినదాన్ని, రోషం రాదా?

బ్రేకు ఆయిల్ పైపంతా తడి. కారేది ఎక్కడో తెలియలేదు. కారే పెట్రోలు ట్యాంకులకు నువ్వు చేసే పని గుర్తొచ్చి, ఇంటికెళ్లి నా పౌడరు డబ్బా తెచ్చాను. పైపును సబ్బునీళ్లతో కడిగి, ఆరనిచ్చి, పొడవునా పౌడరు చల్లి, బ్రేకు నొక్కి పట్టుకున్నాను. అడుగున బోల్టు దగ్గర తెల్లటి పొడి తడిసింది. విప్పి చూస్తే రాగి వాషర్ నలిగిపోయి ఉంది. కొత్తది వేసి, ఆయిల్ పోసి, బుడగలు ఆగేదాకా పైపులోని గాలి తీశాను.

బస్సు డిపో దాకా నేనే తోలి చూశాను. బ్రేకు గట్టిగా పట్టింది.

"మా తమ్ముడి బండి కూడా నీ దగ్గరికే పంపిస్తాలేమ్మా" అన్నారు మాస్టారు.

నా పౌడరు ట్యాంకులకు పూస్తున్నావని మన పెళ్లయిన కొత్త నుంచీ నీతో కొట్లాడుతూనే ఉన్నాను. ఏడాదిగా మూత తీయని డబ్బా అది. తిరిగి ఇంటికి తీసుకుపోలేదు. నీ స్పానర్ల పక్కన పెట్టాను.

నీ రూతు