తెల్లదని చెప్పిన పువ్వు

సున్నపుగుట్ట కింద, మల్లాపూర్ మండలం
శ్రావణ మాసం, 2001

సంగీత అవ్వ పోశవ్వకు, రాజలింగం ఎవరితోనూ రాయించకుండా సొంత చేత్తో రాసినది. ఇక్కడ నేను, రెండు మేకలు, నువ్వు పెట్టిపోయిన చిక్కుడు తీగ క్షేమం. అక్కడ నువ్వు, బిడ్డ సంగీత, అల్లుడు శ్రీధర్ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. చదివి వినిపించే సంగీతకు ఒక మాట. బిడ్డా, ఇందులో ఏదీ మింగకుండా ఉన్నది ఉన్నట్టు చదువు. మీ అవ్వ గట్టి మనిషి, వింటుంది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. ఇల్లు కారడం లేదు. కారేటంత వాన పడితే కదా. అన్నం నేనే వండుకుంటున్నాను, ఒక పూట వండితే రెండు పూటలు. తెల్ల మేక మెడకు గంట ఎందుకు కట్టానని అడిగావు. ఆ కబురు నీకు ఎవరు చేరవేశారో నాకు తెలుసు. మన పక్కింటి నర్సక్క బీడీలు చుట్టే చేతుల కన్నా దాని నోరు వేగం. సున్నపు బట్టి మళ్లీ ముట్టిస్తారా అని అల్లుడు అడిగాడట. ముట్టించరు. గోడలకు డబ్బా రంగులు వచ్చాక మనం కాల్చిన సున్నం ఎవరికి కావాలి? బట్టి లోపల తుమ్మ మొలిచింది. సిరిసిల్లలో అతను బట్ట నేసిన సాంచాలు ఎట్లా ఆగాయో ఇదీ అట్లాగే ఆగింది. ఆశ పెట్టుకోవద్దని చెప్పు.

భీవండిలో మన సిరిసిల్ల వాళ్లకు వండిపెట్టే మెస్సు ఇంకో ఏడాది నడపమని సేటు అంటున్నాడు, ఉండనా రానా అని రెండుసార్లు అడిగించావు. పోయినసారి ‘ఉండు’ అని ఒక్క ముక్క రాశాను. ఆ ముక్క సంగతి చివర రాస్తాను. ముందు ఒక పువ్వు సంగతి వినాలి.

జగిత్యాల కాలేజీలో చెట్ల పాఠం చెప్పే లావణ్య మేడం పోయిన ఏడు మన గుట్ట మీద ఒక మొక్కను చూసింది. నీకూ తెలుసు అది. జానెడు ఎత్తు ఉండదు. సున్నపురాయి పగుళ్లలో తప్ప ఉత్త మట్టిలో మొలవదు. ఆకు పట్టుకుంటే వేలికి జిగురు అంటుతుంది. రాయి కొట్టినన్నాళ్లూ మనం కాళ్ల కింద తొక్కిన మొక్క. ఆమె చూసేనాటికి కాయలే మిగిలాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేని మొక్క అని ఆమె అనుమానం. కానీ పువ్వు చూడకుండా కొత్తదని రాయడానికి లేదట. ఆ పువ్వేమో తెల్లవారుతుంటే విచ్చుకుని, కోరుట్ల నుంచి మొదటి బస్సు వచ్చేలోపే ముడుచుకుంటుంది. కాగితాల మధ్య ఎండబెడితే రంగు దిగిపోతుంది. అందుకని తొలకరి పడగానే మన వాకిట్లో నిలబడింది.

“పెద్దయ్యా, ఎన్ని రెక్కలున్నయి, ఏం రంగున్నది, ఎప్పుడు ఇచ్చుకుంటది, గింత చూసి చెప్తవా?”

“గీ గుట్ట మీద నాకు తెల్వని రాయి లేదు మేడం. రాజలింగం చూస్తున్నడని మీ కాలేజీల చెప్పుకో పో.”

నాలుగు పొద్దులు గుట్ట ఎక్కాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని కూచున్న నర్సక్క ఊరుకుంటుందా?

“ఏంది బావా, పువ్వుల కోసం ఎక్కుతున్నవట? అక్క బొంబాయి దిక్కు పోయినంక కొత్త షోకులు మొదలైనయి.”

“నీకే తెస్త, కొప్పుల పెట్టుకో. ఉన్న నాలుగు ఎంటికలు బరువు మోస్తయో లేవో.”

రెక్కలు ఐదని చెప్పాను. కోడి రెండోసారి కూసే వేళకు విచ్చుకుంటుందని చెప్పాను. రంగు తెలుపు అని చెప్పాను. మేడం అంతా రాసుకుని, ఎండిన మొక్కతో పాటు హైదరాబాదులో ఒక పెద్ద సారుకు పంపింది.

నెల తర్వాత మళ్లీ బస్సు దిగి వచ్చింది. నీళ్లిస్తే తాగలేదు.

“తెల్ల పువ్వుదైతే పాతదేనట పెద్దయ్యా. నూరేండ్ల కిందనే పేరు పెట్టిన్రట. ఏడాది సంది తిరిగిన. ఇగ ఇడిసిపెడుత.”

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తగాదా పెట్టుకుని తప్పించుకునేవాణ్ణి. రోడ్డు దాకా తోడు పోయాను. బస్సు వచ్చిందని ఆమె లేచింది. నాకు బస్సు చప్పుడు వినబడింది కానీ బస్సు కనబడలేదు. అప్పుడు చెప్పాను.

“మేడం, నేను చెప్పిన రంగును నమ్మకు. నాకిప్పుడు అన్ని తెల్లగనే అవుపిస్తున్నయి.”

ఆమె బస్సు ఎక్కలేదు.

“మరి నాలుగు దినాలు ఏం చూసినవు?”

“ఏళ్లతోటి తడిమి చూసిన. ఐదు రెక్కలన్నది అబద్ధం కాదు.”

మొహం ముందు చెయ్యి ఊపి ఇవి ఎన్ని వేళ్లు అని అడగలేదు. అందుకు ఆ మనిషి అంటే నాకు గౌరవం. “ఇంట్ల తెలుసా?” అని మాత్రం అడిగింది. తెలియదన్నాను.

ఆ రాత్రికి మేడం నర్సక్క ఇంట్లో ఉండిపోయింది. తెల్లవారుతుండగా ముగ్గురం ఎక్కాము. తోవ నా కాళ్లకు తెలుసు కాబట్టి ముందు నేనే నడిచాను. పైన మేడం పువ్వు దగ్గర ఆగింది.

“ఏం రంగు మేడం?”

“ఊదా, పెద్దయ్యా. ఉల్లిగడ్డ పొట్టు లెక్క. నడుమ పసుపు చుక్క.”

“గీన్ని పట్టుకొని తెలుపన్నవా బావా? నీ కండ్లల్ల మన్నువొయ్య” అని నర్సక్క మొదలుపెట్టి, మధ్యలోనే సంగతి అర్థమై ఆగిపోయింది. అది మాట మధ్యలో ఆగడం నా బతుకులో అదే మొదలు.

మేడం మోకాళ్ల మీద కూచుని ఆకు, కాడ, ఆకు మీది నూగు కూడా కొలిచి రాసుకుంది. కొత్తదేనని పెద్ద సారు ఒప్పుకున్నాడట. అచ్చు కావడానికి రెండేళ్లు పడుతుందట. నా పేరు కూడా వేస్తానంది. వేస్తే వెయ్యి, ‘చూసి చెప్పాడు’ అని మాత్రం రాయకు అన్నాను.

ఇక నీ సంగతి. మూడేళ్ల కింద బట్టి దగ్గర సున్నం మీద నీళ్లు పోస్తుంటే కళ్లలో చిందింది, గుర్తుందా? వేములవాడలో కంటి డాక్టర్లు వచ్చారు, పోదాం పద అని నువ్వు పోరితే, నా కళ్లకేమైందని అన్నం పళ్లెం తోసేశాను. కుడి కన్ను అప్పుడే పోయింది పోశవ్వా. ఎడమది దాని వెనకే పోతున్నది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, తాగి రాశావా అని అడిగించావు. తాగలేదు. వరస తప్పకుండా చీపురు పుల్ల అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. నీ ఉత్తరాలు తెచ్చే పోస్టతనే చదివిపెడతాడు. తెల్ల రాళ్ల మధ్య తెల్ల మేక నాకు లేనట్టే, గంట అందుకే. కోరుట్ల నుంచి సామాను తెచ్చేది నర్సక్క మొగుడు మొగిలయ్య. వాళ్లిద్దరికీ మొన్నటి దాకా బస్సు ప్రయాణం పడడం లేదని చెప్పాను. కనబడుతున్నట్టు నడవడం రాయి కొట్టడం కన్నా కష్టమైన పని. అలసిపోయాను.

‘ఉండు’ అని రాసింది నువ్వు అక్కడ సుఖంగా ఉంటావని కాదు. వస్తే నన్ను చూస్తావని. నా ఒక్క మాటకు పరాయి ఆడమనిషి ఏడాది కష్టం మట్టిలో కలవబోయింది. నీ ఏడాది కూడా నా ఒక్క మాట మీదే పోతున్నది. ఆమెకు చెప్పి నీకు చెప్పకపోవడం ఏం మగతనం?

మేడం నన్ను జగిత్యాలలో దవాఖానకు తీసుకుపోయింది. కుడి కన్ను ఇక రాదన్నారు. ఎడమదానికి ఆపరేషన్ చేస్తే కొంత చూపు రావచ్చు, రాకపోవచ్చు. దసరా దాటాక రమ్మన్నారు. పది రోజులు వెంట ఉండి కంట్లో చుక్కలు వేసే మనిషి ఉంటేనే చేర్చుకుంటారట. ఎవరి పేరు రాయాలని కాగితం పెట్టుకున్న పిల్ల అడిగింది. మేడం తన పేరు రాయమన్నది. నర్సక్క నేనుంటా అని ముందే చెప్పి పంపింది. నేను నీ పేరు రాయించాను. నిన్ను అడగలేదు. వస్తావో రావో తెలియదు. అయినా అక్కడున్న వాళ్లందరికీ వినబడేటట్టు, గట్టిగా చెప్పి రాయించాను.

ఇట్లు,
సంగీత బాపు
రాజలింగం