తాత చెవిలో చెప్పిన పేరు

నూరాన్ అక్కకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఒక్క మాట అడగాలని రాస్తున్నాను, నవ్వకు.

పేరు మార్చమని కోర్టుకెక్కాను. నేను పుట్టకముందే పోయిన అన్న గుర్తింపు కార్డునే నాన్న నాకు వాడేశాడని నీకు తెలుసు. ఇన్నేళ్లూ నెవ్జాత్‌గానే బతికాను, ఏమీ అనిపించలేదు. పోయినేడాది అన్న సమాధికి నెవ్జాత్ అని పేరు చెక్కిన రాయి వేయించింది అమ్మ. పండగనాడు సమాధి దగ్గరికెళ్తే నా కూతురు అది చదివి, "నాన్నా, నువ్వెప్పుడు చచ్చిపోయావు?" అని ఒకటే ఏడుపు.

ఎర్జింజాన్ పట్టణంలో కోర్టుకు అమ్మ సాక్షిగా వచ్చింది. "ఇతని పేరు మారిస్తే మీకేమైనా అభ్యంతరమా, అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"నెవ్జాత్ అని పిలిస్తే ఇన్నాళ్లూ వీడైనా పలికేవాడు బాబూ. ఇకమీదట ఎవరు పలుకుతారు?" అంది అమ్మ.

ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, "మరి మీకు ఏ పేరు కావాలి?" అని నన్నడిగారు. నా భార్య ఎంచిన పేరు దరఖాస్తులో ఉంది. అయినా అది చెప్పకుండా, కొంచెం గడువు కావాలన్నాను. వాయిదా వేశారు.

బయటికొచ్చాక అమ్మ కొత్త సంగతి చెప్పింది. నేను పుట్టినప్పుడు తాత నా చెవిలో వేరే పేరు చెప్పాడట. అదేమిటో ఆవిడకు గుర్తులేదు. అప్పుడు ఆ గదిలో నువ్వూ ఉన్నావట.

నీకు గుర్తుందా అక్కా? లేకపోతే నీకు నచ్చిన పేరే రాయి. కల్పించానని మాత్రం నాకు చెప్పకు.

నీ తమ్ముడు