నాన్న ఊ కొట్టే వేళ

చిట్టీ,

నువ్వు క్లాసులో నోరు విప్పడం లేదని, వచ్చే వారం ఇంగ్లీషులో మాట్లాడే పరీక్షకి కూడా వెళ్ళనంటున్నావని నీ హాస్టల్ గదిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

మీ నాన్న ఉన్నప్పుడు సాయంత్రం నువ్వు ఫోన్లో ఇంగ్లీషు పాఠం చెబుతుంటే ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసి ఊ కొట్టేవారు. ఆయనకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నువ్వు తడబడితే మాత్రం, "కంగారేం లేదు, మళ్ళీ మొదలెట్టు" అనేవారు. బట్టల కోసం వచ్చినవాళ్ళతో, "కాస్త ఆగండి, మా దొరసాని మాట్లాడుతోంది" అనేవారు.

ఆయన పోయాక నువ్వు పాఠం చెప్పడమే మానేశావు. మొన్న నేనే బతిమాలి చెప్పించుకున్నాను. నేను ఊ అనగానే, "నాన్నలా అనకమ్మా" అని ఏడుస్తూ ఫోన్ పెట్టేశావు. మరెలా అనాలో నాకు తెలియడం లేదు తల్లీ. ఇప్పుడు ఆ ఇస్త్రీ పెట్టె నా చేతిలో ఉంది. సాయంత్రమయ్యేసరికి పక్కన పెట్టి ఫోన్ వంకే చూస్తున్నాను. ఒక్కసారి చెయ్యి. ఊ కొట్టను, ఊరికే వింటాను. అమ్మ ఉందో లేదో అనుకోకు, ఉంటాను.

పరీక్షకి వెళ్ళమని చెప్పే ధైర్యం నాకు లేదు. వేళకి కడుపునిండా తిను.

అమ్మ