అత్తయ్యగారి పేరున చందా

సూర్యకళా,

తెల్లారేసరికే మబ్బు కమ్మేసింది, మొక్కలకి నీళ్లు పెట్టించకు. నేను లారీకి లోడు ఎక్కించడానికి నర్సరీకి వెళ్తున్నా.

కంటి ఆపరేషన్లు చేయించే ట్రస్టు వాళ్లు మళ్లీ వస్తారు. అత్తయ్యగారి పేరున చందా ఇద్దువుగాని. ముందు వాళ్ల టాక్స్ మినహాయింపు 80జి నంబరు మన అమ్మాయి పూజితకి ఫోన్‌లో చెప్పు, ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో చూసి చెబుతుంది. నిన్న వాళ్లు చూపించిన కాగితం గడువు మార్చితోనే అయిపోయింది. కొత్తది వచ్చుంటే చెక్కు ఇయ్యి, నగదు వద్దు. రసీదు మాత్రం నీ పేరున రాయించు. అవి నువ్వు మల్లె అంట్లు కట్టి సంపాదించిన డబ్బులు, టాక్స్ తగ్గేదీ నీకే.

వాళ్ల ముందు నిన్ను ఆపకుండా ఉండాల్సింది. నేను అడ్డం వచ్చింది ఆ కాగితానికే, మీ అమ్మ పేరుకి కాదు.

జగన్నాథరావు

రాత్రి ఇద్దరం మాటా పలుకూ లేకుండా తిన్నాం. అయినా చేప తలకాయ నా కంచంలోనే వేశావు. చూశాను.