గురు ఆంటీ నట్టువాంగం

షాంటిలీ
మార్చి 9

దేదీప్యా, తల్లీ,

ఫోన్ చేస్తే నేను ఎత్తకుండా ఉత్తరాలు రాయడమేమిటని అలిగావట. మీ అంకుల్, కృష్ణమూర్తి గారు నీ వాయిస్ మెసేజ్ విని చెప్పారు. అలిగితే అలిగావులే. పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటానంటే ఒప్పుకోకుండా నిన్ను ఏడిపించి మరీ తెలుగు నేర్పించింది ఎందుకనుకున్నావు? ఫోన్లో అయితే రెండో మాటకే ఇంగ్లీషులోకి జారుకుంటావు. ఉత్తరమైతే చచ్చినట్టు కూడబలుక్కుని చదవాలి. కనుక చదువు.

నీ సిరీస్ ఇప్పటిదాకా వచ్చిందంతా చూశాను. నువ్వు డిటెక్టివ్‌గా నటించి, నువ్వే డైరెక్ట్ చేసి, వెనక సంగీతమూ నువ్వే కట్టావంటే, ఒక మనిషి ఇన్ని పనులు నెత్తిన వేసుకుంటే ఏదో ఒకటి చెడుతుందని కాచుకుని కూర్చున్నాను. ఏదీ చెడలేదు. మా బేస్‌మెంట్ డాన్స్ క్లాసులో మోకాళ్ళు వంచి కుదురుగా అరమండి కూర్చోమంటే గోడ గడియారం చూసే పిల్లవి, అంతమంది చేత పని చేయించే మనిషివి ఎప్పుడయ్యావే?

నీ మొదటి వేషం గుర్తుందా? ఏదో ఆసుపత్రి కథలో నర్సు. ఆ రోజు మన పిల్లలందర్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ పిలిచి పులిహోర కలిపి టీవీ ముందు కూర్చోబెట్టాను. నీ వీపు కనిపించింది. ఆ వీపుకే చప్పట్లు కొట్టారు అందరూ. తర్వాత నువ్వు చెప్పిన సంగతి తలచుకుని నేను ఇప్పటికీ నవ్వుకుంటాను. షాట్‌కి ముందు అలవాటు ప్రకారం వంగి నేలకి నమస్కారం చేస్తే, ఏదో పారేసుకున్నావనుకుని లైట్లవాళ్ళు కూడా నీతోపాటు వెతికారట. ఇప్పుడు నీ సెట్‌లో నువ్వు నేలని తాకేదాకా ఎవరూ కెమెరా ముట్టుకోరని విన్నాను. నాకు చాలా గర్వంగా ఉంది.

తమ్ముడు చనిపోయాడని నీకు చెప్పే సీను ఉంది చూడు. నేను నీకు నేర్పిన ముఖాభినయంలో ఒక్కటంటే ఒక్కటి వాడలేదు. కనుబొమ కదపలేదు, పెదవి వణికించలేదు. మెడ మాత్రం ఒక్క నలుసంత కిందకి దించావు. నేను భోరుమని ఏడ్చాను. ఇన్నేళ్ళుగా స్టేజీ చివరి వరసకి కనిపించేలా చెయ్యమని అరిచి చెప్పినదాన్ని నేను. అంత చిన్నగా చెయ్యడం నీకు నువ్వే నేర్చుకున్నావు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

దొంగ వెంట పరిగెత్తేటప్పుడు మృదంగం పెట్టావు. అది మిశ్రచాపు అని ఏడు లెక్కపెట్టి మరీ పట్టుకున్నాను. ఇక ప్రతి ఎపిసోడ్ చివర్లో నువ్వు పాడిన పాట ఎంత బావుందో చెప్పలేను. ఎక్కడా శ్రుతి జారలేదు.

ఇంకా తీయాల్సిన ఆఖరి ఎపిసోడ్‌కి నట్టువాంగం నేనే చెయ్యాలని, తాళాలు నేనే పట్టాలని, లాస్ ఏంజిలిస్ రమ్మని అడిగావు. రాలేనమ్మా. మోకాళ్ళ నొప్పి. అంత దూరం విమానంలో కూర్చోలేను. అక్కడే ఎవరైనా మంచివాళ్ళని చూసుకో.

ఆశీస్సులతో
నీ గురు ఆంటీ
వసంతలక్ష్మి


షాంటిలీ
మార్చి 30

దేదీప్యా,

ఈ ఉత్తరంతోపాటు వచ్చిన పెట్టెలో నా నట్టువాంగం తాళాలు ఉన్నాయి. మా గురువుగారు నా చేతిలో పెట్టిన జత అది. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని నిన్ను బెదిరించేదాన్ని. ఇప్పుడు నువ్వే ఉంచుకో. వేసవి సెలవులు రాగానే క్లాసులు ఆపేస్తున్నాను. పిల్లల తల్లిదండ్రులకి ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను.

మోకాళ్ళ నొప్పి అబద్ధం. నాకు చెవులు వినిపించడం లేదు.

ఒక్కసారిగా పోలేదు. టీవీ సౌండ్ పక్కింటివాళ్ళ కోసం పెట్టావా అని కృష్ణమూర్తి గారు ఎగతాళి చేస్తుంటే ఆయనకే చాదస్తం వచ్చిందనుకున్నాను. ఫోన్లో నీ మాటలు కలిసిపోయి వినిపించేవి. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని ఎన్నిసార్లు అంటాను? అందుకే ఉత్తరాలు మొదలుపెట్టాను. నీ తెలుగు బాగుపడాలని కాదు. మనుషులు ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను.

మొన్న క్లాసులో ఆద్య అడుగులు వేస్తోంది. రవికుమార్ గారి అమ్మాయి, ఎనిమిదేళ్ళు ఉంటాయి. గజ్జెలు లేకుండా క్లాసుకి వస్తావా, ఇదేమైనా జిమ్ అనుకున్నావా అని అందరి ముందూ కేకలేశాను. ఆ పిల్ల బిత్తరపోయి నా వంక చూసి, పైజమా కొంచెం పైకెత్తింది. "ఐ యామ్ వేరింగ్ దెమ్, గురు ఆంటీ" అంది. రెండు కాళ్ళకీ గజ్జెలున్నాయి. నా ఎదురుగా నిలబడి ఆడుతోంది, ఒక్క మువ్వ కూడా నాకు వినిపించలేదు. నన్నెవరైనా కొట్టినా నాకు ఇంత బాధ అనిపించేది కాదు. అంత తప్పు ఏ గురువైనా చేస్తుందా?

దాన్నీ మింగేసి ఉండేదాన్నేమో. పోయిన శనివారం ఉగాది ప్రోగ్రాం అయింది. హైస్కూల్ ఆడిటోరియం, రికార్డు పాట. నా పద్ధతి నీకు తెలుసు కదా. పాట రికార్డుదైనా పిల్లలకి ధైర్యంగా ఉంటుందని నేను స్టేజీ పక్కన కూర్చుని తాళం వేస్తాను, వాళ్ళు నన్ను చూస్తూ ఆడతారు. ఆ రోజూ అలాగే వేశాను. బాగా జరిగిందనే అనుకున్నాను. కిందకి దిగగానే రవికుమార్ గారు ఎదురొచ్చి, "మేడమ్, నడుమల మ్యూజిక్ బంద్ చేసి ఉత్త తాళం మీద చేపిచ్చిన్రు గదా, సూపర్ ఐడియా" అన్నారు. వెనకాల నలుగురైదుగురు అదే మాట అని మెచ్చుకున్నారు.

నేనేమీ ఆపించలేదు తల్లీ. ఎవరిదో కాలు తగిలి స్పీకర్ వైరు ఊడిపోయిందట. పాట ఆగిపోయిన సంగతి అంత పెద్ద హాల్లో తెలియనిది నాకొక్కదానికే. నాలోపల పాట నడుస్తూనే ఉంది, అది బయటనుంచి వస్తోందనుకున్నాను. నేను చేతులు జోడించి ఆ మెప్పు పుచ్చుకుని కారెక్కాను. కారులో కృష్ణమూర్తి గారికి కూడా ఏం చెప్పలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది.

గురువుకి తాళం వినపడకపోతే ఇంకేం మిగిలింది? ఇవాళ ఎవరికీ తెలియలేదు. రేపు నేను తప్పు వేస్తే పిల్లలు ఆ తప్పునే నేర్చుకుంటారు. అది జరగకముందే లేవడం మర్యాద. చెవిలో మిషన్ పెట్టుకోమని కృష్ణమూర్తి గారు సతాయిస్తున్నారు. నట్టువాంగానికి కూర్చున్న మనిషి చెవిలో మిషనా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? నాకిష్టం లేదు.

నువ్వు మాత్రం ఆపకు. నువ్వు డాన్సరువి, నటివి, డైరెక్టర్‌వి, పాట కట్టేదానివి. నాకు పేరు ఉన్నా లేకపోయినా నిన్ను తయారుచేశానన్న తృప్తి ఉంది. దానితో కాలక్షేపం చేసుకుంటాను.

నీ
వసంతలక్ష్మి


లాస్ ఏంజిలిస్
ఏప్రిల్ 6

మై డియర్ గురు ఆంటీకి, నమస్కారం.

నా తెలుగు ఇంకా మీ బేస్‌మెంట్ తెలుగే. తప్పులు ఉంటే తిట్టండి, కానీ చివరిదాకా చదవండి.

మీరు ఫోన్ ఎత్తడం మానేసినప్పుడు నాకు డౌట్ వచ్చింది. లాస్ట్ సమ్మర్ నేను మీ ఇంటికి వచ్చాను కదా, డోర్‌బెల్ చాలాసార్లు కొట్టాను, మీరు రాలేదు. అంకుల్ బ్యాక్‌యార్డ్ నుంచి వచ్చి తీశారు. అడగాలని అనుకున్నాను. మీ ముందు నోరు తెరిచి అలాంటిది అడగడం నాకు ఇప్పటికీ భయం. సెట్‌లో అందరూ నా మాట వింటారు, మీ దగ్గర నేను ఇంకా గడియారం చూసే పిల్లనే.

రవికుమార్ అంకుల్ ఉగాది వీడియో మన ఓల్డ్ స్టూడెంట్స్ గ్రూప్‌లో పెట్టారు. మీ లెటర్ రాకముందే చూశాను. వచ్చాక మళ్ళీ చూశాను. తర్వాత ఎడిటింగ్ రూమ్‌కి తీసుకెళ్ళి పెద్ద స్క్రీన్ మీద చూశాను. ఒక విషయం మీకు ఎవరూ చెప్పలేదు అనుకుంటాను. ఆ రోజు ఊడింది స్పీకర్ వైరు ఒక్కటే. లాప్‌టాప్‌లో పాట ఆగలేదు. అది లోపల సైలెంట్‌గా నడుస్తూనే ఉంది. వీడియోలో మీరు తాళం వేస్తున్నారు, పిల్లలు మీ చేతినే చూస్తున్నారు, హాల్లో గజ్జెలూ మీ తాళమూ తప్ప ఇంకేం లేదు. అలా ఒక చరణం మొత్తం అయింది. అప్పుడు ఎవరో వైరు మళ్ళీ పెట్టారు. పాట వచ్చింది. వచ్చేసరికి కరెక్ట్‌గా పల్లవి మొదలు, మీ చెయ్యి సమం మీద, తాళం మొదటి దెబ్బ మీద ఉంది, పిల్లల పాదాలు అన్నీ నేల మీద ఉన్నాయి.

నేను నమ్మలేదు. ఒరిజినల్ పాట తెచ్చి ఆ సైలెంట్ పార్ట్ కింద పెట్టి చూశాను. ఇది నా పని ఆంటీ, పెదవికీ మాటకీ కొంచెం తేడా ఉంటే నేను నిద్రపోను. ఆద్య ఒక చోట తప్పింది. మీరు ఎక్కడా తప్పలేదు. నా మ్యూజిక్ ఎడిటర్ అనుష్కకి చూపించాను. ఈవిడ చెవిలో పాట వస్తోందా అని అడిగింది. రావడం లేదు అని చెప్పాను. తను మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.

మీరు తాళం వినపడక పాడుచేస్తాను అంటున్నారు. అంత పెద్ద హాల్లో పాట పోయినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్నది మీరు ఒక్కరే. మాకు కూడా మీరు అలాగే నేర్పారు. నేను మీ తాళం విని ఆడానని అనుకుంటున్నారా? చిన్నప్పుడు నాకు అంత తెలివి లేదు. మీ చెయ్యి పైకి లేవడం చూసి, మీ కళ్ళు పెద్దవి అవ్వడం చూసి ఆడాను. ఇవాళ కెమెరా పక్కన నిలబడి యాక్టర్‌కి ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వదలాలో చెప్తానంటే అది అక్కడినుంచే వచ్చింది. అందరూ నన్ను ఏ ఫిల్మ్ స్కూల్ అని అడుగుతారు. షాంటిలీలో ఒక బేస్‌మెంట్ అని చెప్తాను.

గజ్జెలు వినపడకపోవడం మాత్రం నిజం, దానికి నేను ఏడ్చాను. దాన్ని అలా వదలకూడదు. చెవిలో మిషన్ అంటే సిగ్గు అన్నారు. సెట్‌లో నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవిలో ఒకటి పెట్టుకునే తిరుగుతాను, అది లేకపోతే నా యాక్టర్స్ మాటలే నాకు వినపడవు. నన్ను ఎవరూ ఏమీ అనుకోలేదు, డైరెక్టర్ అన్నారు. వచ్చే వారం గురువారం మీకు హియరింగ్ టెస్ట్ బుక్ చేశాను. కృష్ణమూర్తి అంకుల్ డ్రైవ్ చేస్తారు, ఆయనతో మాట్లాడేశాను. మీరు వెళ్ళకపోతే ఆయన పక్కింటివాళ్ళకి మీ టీవీ సంగతి చెప్తానన్నారు.

తాళాలు నేను తీసుకోను. గురువు ఇచ్చింది తిరిగి ఇవ్వకూడదు అని మీరే నేర్పారు కాబట్టి తిరిగి పంపడం లేదు. మే మొదటి శనివారం నేనే తీసుకుని మీ క్లాసుకి వస్తాను, వెనక వరసలో నిలబడతాను. ఆఖరి ఎపిసోడ్ షూటింగ్ మీకోసం ఆపాను. అందులో నా డిటెక్టివ్ చాలా ఏళ్ళకి తన గురువు దగ్గరికి వెళ్తుంది. సంగీతం ఏమీ ఉండదు, ఒక చెయ్యి తాళం వేస్తూ ఉంటుంది, అంతే. ఆ చెయ్యి ఇంకెవరిదైనా నేను సీన్ తీయను.

మీ
దేదీప్య


షాంటిలీ
ఏప్రిల్ 24

దేదీప్యా,

నా మీద ఆయన్ని ఉసిగొల్పుతావా? ఇద్దరూ ఇద్దరే. గురువారం ఆయన కారు స్టార్ట్ చేసి హారన్ కొడుతూ కూర్చున్నారట, నాకది కూడా వినపడలేదు. చివరికి లోపలికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

నీ ఉత్తరం చదివి వీడియో పెట్టించుకుని చూశాను. నన్ను నేను చూసుకోవడం ఇష్టంలేక అంతకుముందు చూడలేదు. పల్లవి దగ్గర పిల్లల పాదాలు చూశాను. వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

మిషన్లు నిన్న వచ్చాయి. ఫ్రిజ్ ఇంత మోత చేస్తుందని నాకు తెలియదు. కృష్ణమూర్తి గారు తనలో తాను ఏమేం గొణుక్కుంటారో కూడా తెలిసింది, ఆయన ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉంటున్నారు. ఇవాళ క్లాసుకి జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకునే కూర్చున్నాను. ఆద్య నా చెవి వంక చూసి, "కూల్, గురు ఆంటీ. బ్లూటూత్ ఆ?" అంది. సారీ చెప్పాను, గజ్జెల సంగతికి. తర్వాత దాన్ని గజ్జెలతో ఈ గోడ నుంచి ఆ గోడకి ఊరికే నడిపించాను. ఎందుకు నడిపిస్తున్నానో దానికి అర్థం కాలేదు. మళ్ళీ నడవమన్నాను.

వేసవి క్లాసులు మామూలుగానే ఉంటాయి. నువ్వు వచ్చే శనివారం తొమ్మిదింటికల్లా గజ్జెలు కట్టుకుని ఉండాలి. డైరెక్టర్‌వని వెనక వరస ఇవ్వను, ముందుకొచ్చి నిలబడు. ఆ తర్వాత నీతోపాటు లాస్ ఏంజిలిస్ వస్తాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఇంకో సంగతి. నీ సిరీస్‌లో ఎపిసోడ్ చివరి పాటని మళ్ళీ పెట్టించుకుని విన్నాను. పోయినసారి ఎక్కడా శ్రుతి జారలేదని రాశాను కదా, ఆ మాట కొట్టెయ్యి. రెండో చరణంలో పైకి వెళ్ళినప్పుడు నీ గొంతు కిందకి జారుతోంది. ఇన్నాళ్ళూ అక్కడ ఎవరూ చెప్పలేదా? వచ్చేటప్పుడు శ్రుతిపెట్టె తెచ్చుకో, ఇద్దరం కూర్చుని సరిచేద్దాం. ఆ జారుడు చెవిన పడగానే నేను ఎంత సంతోషించానో నీకు చెప్పను.

నీ గురు ఆంటీ
వసంతలక్ష్మి