కాగితం వెనక వైపు

అక్కా, నేను కులాసా. నిన్న మా లా కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టారు. అద్దెదారు తరఫు వకీలుగా, అద్దె ఇళ్ళవాళ్ళ సంఘం కరపత్రాల్లో చదివిందంతా పది నిమిషాలు ఉరిమి కూర్చున్నాను. అవతలి పక్షం పిల్ల లేచి అద్దె ఒప్పందం కాగితం తిప్పి చూపించింది. ఇల్లు ఖాళీ చేస్తానని నా అద్దెదారే వెనక సంతకం పెట్టాడు! మాస్టారు, "కరపత్రానికి మొహమొక్కటే నాయనా, దస్తావేజుకి వీపు కూడా ఉంటుంది" అన్నారు. ఒళ్ళు మండింది గాని, మాట నిజం.

బాబాయి ఇచ్చిన ఇంటి వాటా కాగితం చదివాననీ, సంతకం పెట్టెయ్యమనీ సెలవుల్లో నీతో అన్నాను. నేను చదివింది ముందు వైపే. సంతకం పెట్టకు. వెనక ఉన్నదంతా అక్షరం పోకుండా రాసి పంపు. బాబాయి అరిస్తే నా మీదికి తోసెయ్యి.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా చదరంగం పావులు పంపు. అందరికీ నమస్కారాలు.

నీ తమ్ముడు

(చిరునామా పక్కన) ఇప్పటికే పెట్టేసి ఉంటే దాచకు అక్కా. తప్పు నాది.