తోడుకి వెళ్ళిన మనిషి

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
నవంబరు 1999, బుధవారం

ప్రభువు కాపుదలలో ఉన్న మీకు సూసన్న నమస్కరించి రాయునది.

ముందుగా నా రాతను, నా తప్పులను మన్నించండి. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ నాకు అనుమానమే. పైగా బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అది కదిలినప్పుడల్లా అక్షరం పక్కకి జారిపోతోంది.

ఇక్కడ అత్తయ్యగారు, మామయ్యగారు, స్వర్ణ దేవుని దయవల్ల క్షేమం. మీరు అక్కడ చలికి జాగ్రత్తగా ఉంటున్నారని తలుస్తాను.

ఎప్పుడూ మామయ్యగారు రాసిన ఇన్‌లాండు లెటరు అడుగున మిగిలిన జాగాలో నేను రెండు లైన్లు రాసేదాన్ని. ఈసారి వేరే కాగితం, వేరే కవరు. మామయ్యగారు దీన్ని చూడలేదు. మీ స్నేహితుడు విల్‌ఫ్రెడ్ గారు రేపు రైలు డ్యూటీ మీద మీ వైపు వస్తున్నారట. ఆయన చేతికి ఇస్తాను. చదివిన వెంటనే కాల్చెయ్యండి. ముందే చెప్తున్నాను, మళ్ళీ మరిచిపోతానేమో.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారి మోకాలు నయమే, ఆదివారం ఆరాధనకి గుడికి నడిచే వెళ్తున్నారు. స్వెట్టరుకి నీలం ఊలు మలంచా బజారులో ఏ కొట్లోనూ దొరకలేదు. బూడిద రంగు తెచ్చాను. వీపు భాగం, ఒక చెయ్యి అయ్యాయి. రెండో చెయ్యి మూడుసార్లు విప్పాను. నా మనసు ఇక్కడ లేదు, కుట్లు లెక్క తప్పుతున్నాయి. మీ సైకిలుకి గాలి ఉంది. స్వర్ణ దాన్ని ఇప్పుడు ముట్టుకోవడం లేదు. ఎందుకో మీకు తెలుసు. మీ ఉత్తరంలో ఆఖరి సంగతి కూడా అదే కదా. దానికి జవాబు చెప్తాను. కొంచెం ఆగండి.

మీ ఉత్తరం సోమవారం వచ్చింది. మీ ఉత్తరం వస్తే ఇంట్లో ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నారు. అత్తయ్యగారు స్టవ్వు తగ్గించమన్నారు. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మామయ్యగారు సంఘంలో వాక్యం చదివినట్టు గట్టిగా చదివారు. మీ జలుబు, మీ మెస్సులో పప్పు, అన్నీ అయ్యాక ఆ సంగతి వచ్చింది. మీ ఆఫీసు కంప్యూటరుకి మీ పేరు మీద ఒక వెకిలి ఉత్తరం వచ్చిందని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు అని, నేను రాసినట్టుగా రాశారని. మీ క్లర్కు మనవైపు వాడే కనుక దాన్ని కాగితం మీద తీసి, క్యాంటీనులో అక్కడివాళ్ళకి అర్థమయ్యేలా హిందీ చేసి మరీ చదివాడని, అందరూ ఈలలు వేశారని. "సూసన్నకి ఏబీసీడీలు కూడా రావు. నోట్లోంచి మాటే రాదు. ఇది స్వర్ణ, దాని క్లాసు పిల్లలు చేసిన పని. దాన్ని ఆ క్లాసు మానిపించండి" అని రాశారు.

ఆ చివరి ముక్క మామయ్యగారు రెండుసార్లు చదివారు.

"ఏటే స్వర్ణా, ఇదేటి?"

స్వర్ణ తల వంచుకుంది.

"అడుగుతంటే నేలసూపులేటి? రాసినావా, లేదా?"

"ఓలమ్మో! వదిన పేరెట్టి అన్నకి అలాటి రాతలు రాత్తావేటే?" అన్నారు అత్తయ్యగారు. "కంప్యూటరు సదువంటే ఇదేనేటి?"

స్వర్ణ తలెత్తి నా వైపు చూసింది. ఒక్కసారే. తరవాత గోడ మీద క్యాలెండరు చూస్తూ, "నానే రాసినాననుకోండి" అంది.

అంతే. ఆ రోజు నుంచి క్లాసు లేదు. క్లాసు చెప్పే సుందర్ రాజు మాస్టారు నిన్న ఇంటికి వచ్చి, స్వర్ణ రాలేదేమని అడిగారు. ఈ శనివారం మలంచా కంప్యూటరు సెంటరు వాళ్ళు వచ్చి పిల్లల పని చూస్తారట. బాగా చేసినవాళ్ళని సెలవుల్లో చిన్నపిల్లలకి నేర్పడానికి తీసుకుంటారట. స్వర్ణ తప్పకుండా రావాలన్నారు. మామయ్యగారు మర్యాదగా టీ ఇప్పించి, "మా పిల్ల రాదండి మాస్టారూ" అని పంపేశారు. స్వర్ణ నాలుగు నెలలుగా ఒక ప్రోగ్రాము కడుతోంది. గుడిలో బోర్డు మీద పాట నంబరు పెడతారు కదా, ఆ నంబరు కొడితే పాట మొదటి లైను తెర మీద వస్తుంది. అత్తయ్యగారు పాట వెతుక్కునేలోపు రెండో చరణం అయిపోతుందని మొదలుపెట్టింది. స్వర్ణ ఇప్పుడు గదిలో కూర్చుని దిండు గలీబుకి పువ్వు కుడుతోంది.

నాకు కాలు నిలవడం లేదు. నీళ్ళు పట్టడానికి వెళ్ళి బిందె మరిచిపోయి వస్తున్నాను. క్లాసులో మొదటివారం మాస్టారు ఒకటి చూపించారు. పేరు రాయమని ఒక లైను, మళ్ళీ మొదటి లైనుకి వెళ్ళమని ఇంకో లైను. మీట నొక్కగానే తెర నిండా స్వర్ణకుమారి, స్వర్ణకుమారి, స్వర్ణకుమారి. ఆగదు. ఆగమని ఎవరూ చెప్పలేదు కనుక ఆగదు. నా తల సోమవారం నుంచి అలా ఉంది.

ఆ క్లాసు సంగతి మీకు సగమే తెలుసు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి కూర్చునే చోటికి పెళ్ళికాని పిల్లని ఒంటరిగా పంపనని మామయ్యగారంటే, తోడుకి నన్ను పంపమన్నది మీరే. నేను వెళ్ళాను. గుడి వెనక గదిలో ఒకటే కంప్యూటరు. దుమ్ము పడుతుందని అందరూ చెప్పులు బయట విడవాలి. నేను వెనక బెంచీ మీద, తలుపు పక్కన ఊలు పట్టుకుని కూర్చునేదాన్ని. కుక్క వచ్చి చెప్పు ఎత్తుకుపోకుండా చూడడం నా పని. విల్‌ఫ్రెడ్ గారి అబ్బాయి చెప్పు ఒకటి పోయింది కూడా. ఆ పాపం నాదే.

పెద్దవాళ్ళు కంప్యూటరు చుట్టూ మూగితే చిన్నపిల్లలకి ఏమీ కనబడదు. వాళ్ళకి మాస్టారు ఒక ఆట పెట్టారు. ఒకళ్ళు మిషను. మిగతావాళ్ళు చెప్పాలి, మిషను చెప్పింది మాత్రమే చెయ్యాలి. సొంత బుద్ధి వాడకూడదు. పిల్లలు మిషనుగా ఉంటే నవ్వేస్తారు, పరిగెడతారు. ఒకరోజు మాస్టారు నన్ను చూసి, "అమ్మాయ్, నువ్వు నిలబడతావేటి?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. కాని నిలబడ్డాను. చెప్పినట్టు చెయ్యడం నాకు బాగా వచ్చు కదా. ముందుకి నడువు అన్నారు, నడిచాను. ఆగు అనడం మరిచిపోయారు. వెళ్ళి బ్లాకుబోర్డుకి గుద్దుకున్నాను. నుదుటి మీద సుద్ద. పిల్లలు కిందపడి నవ్వారు. నేను కూడా నవ్వాను, గట్టిగా. స్వర్ణ వెనక్కి తిరిగి, ఇది మా వదినేనా అన్నట్టు చూసింది.

తరవాతి వారం పిల్లలు మిషను, నేను చెప్పేదాన్ని. జీవితంలో మొదటిసారి నేను చెప్తే ఎవరో చేశారు. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆ చిన్నవాళ్ళతోనే నేర్చుకున్నాను. మీట మీద ఉన్న అక్షరం చూసి నేల మీద సుద్దతో రాసేవాళ్ళం. ఇప్పుడు నాకు ఇరవైఆరూ వచ్చు. మీకు చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. మామయ్యగారి ఉత్తరం అడుగున రెండు లైన్ల జాగాలో ఇది ఎలా రాయను?

పోయిన నెల మాస్టారు ఈమెయిలు నేర్పారు. ప్రతివాళ్ళూ నిజమైన మనిషికి ఒక ఉత్తరం పంపాలి అన్నారు. మీ ఆఫీసుకి కొత్తగా వచ్చిందని గొప్పగా రాసి, స్వర్ణ క్లాసుకి పనికొస్తుందని మీరే అడ్రసు పంపారు కదా. "వదినా, అన్నయ్యకి నువ్వే రాయి" అని స్వర్ణ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను గోడ వైపు తిరిగి నిలబడింది. ఒక్క అక్షరం చూడలేదు.

ఈ ఉత్తరానికి తాళం ఉంటుంది, తాళం మాట తెలిసినవాళ్ళే తెరుస్తారు అన్నారు మాస్టారు. పెళ్ళయ్యాక నేను రాసిందీ, నాకు వచ్చిందీ ఎవరూ చదవకుండా ఉన్న ఉత్తరం ఒక్కటీ లేదు. తాళం అన్న మాట వినగానే ఇంకేమీ అడగాలని తోచలేదు. అటువైపు ఉత్తరాలు పడే పెట్టె మీ ఒక్కరిదా, ఆఫీసంతటిదా అని అడగలేదు. ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టాను. కింద పేరు పెట్టలేదు, మీకు తెలుస్తుందనుకున్నాను.

అవునండి. అది నేనే రాశాను. స్వర్ణ కాదు, పిల్లలు కాదు. వెకిలికి రాసింది కాదు.

ఏం రాశానో మీ క్యాంటీనులో అందరికీ తెలుసు కనుక ఇక్కడ తెలుగులో మళ్ళీ రాస్తాను. "ఏమండీ, భోజనం చేశారా? ఇక్కడ అందరం క్షేమం అని ప్రతి ఉత్తరంలో రాస్తాము. నేను క్షేమంగా లేను. బండి కూత వింటే మీరే దిగారని లేచి కూర్చుంటాను. మంచంలో మీ వైపు నేను పడుకోను."

మీ తల వంగిపోయేలా చేశాను. వాళ్ళు ఈల వేసినప్పుడు మీరు ఎటు చూశారో అని తలుచుకుంటే అన్నం దిగడం లేదు. దానికి నన్ను క్షమించండి. కాని ఆ మాటలు అబద్ధం అని మాత్రం నేను చెప్పలేను.

గురువారం తెల్లారి మిగతాది రాస్తున్నాను. నిన్న ఇంతవరకు రాసి, ఆదివారం మీరు ఫోను చేసినప్పుడు స్వర్ణ తప్పు లేదని మామయ్యగారికి చెప్పండి అని అడగబోయాను. ఆ లైను రాయబోతుంటే స్వర్ణ వచ్చి చూసింది. "వదినా, నువ్వు సెప్పకు. నాకేటి, ఇంకో క్లాసు దొరుకుద్ది. నిన్ను మీ ఊరు అంపిస్తే?" అంది. పదహారేళ్ళ పిల్ల. ఆ మాట విన్నాక ఆదివారం దాకా ఆగడం నావల్ల కాలేదు.

నిన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక మామయ్యగారు లేవబోతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యగారూ, ఆ ఉత్తరం స్వర్ణ రాయలేదండి."

"మరెవులు రాసినారు?"

"నేనేనండి."

ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "నీకు ఇంగిలీసు అచ్చరాలు వచ్చునేటి?"

"వచ్చునండి."

"ఎప్పుడు నేర్సినావే?" అన్నారు అత్తయ్యగారు.

"చెప్పులు కాస్తూ" అన్నాను.

అత్తయ్యగారు నవ్వబోయి మామయ్యగారి మొహం చూసి పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. మామయ్యగారు, "ఆడు అంతమందిలో ఎదవలాగ నిలబడ్డాడు" అన్నారు. నిజమే కదా. తరవాత, "శనివారం స్వర్ణ ఎల్తాది. నువ్వు ఎల్లాలా, మానాలా అన్నది నాను సెప్పను. ఆడే సెప్పాల. ఆదివారం పోనులో అడుగుతాను" అన్నారు.

"మరి దానికి తోడు?" అన్నాను.

"నానెల్తాను" అన్నారు అత్తయ్యగారు. "బెంచీ మీద కూకోడానికి నా మోకాలు అడ్డమొస్తాదేటి? ఆ కుక్క సంగతి నాను సూస్తాను."

స్వర్ణ తరవాత వంటింట్లోకి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడిచింది. ఏడుస్తూనే, "వదినా, మాస్టారికి సెప్పాల. అమ్మని మిషనుగా నిలబెట్టొద్దని. కుడికి తిరుగు అంటే, ఎందుకే అంటాది" అంది.

స్వర్ణ సంగతి తేలింది. శనివారం దాని పాటలు అది చూపించుకుంటుంది. ఇక నా సంగతి మీ చేతిలో ఉంది. నేను వెళ్ళకపోతే చిన్నపిల్లలు కొన్నాళ్ళు అడిగి మరిచిపోతారు. నేను మరిచిపోలేను. వెళ్ళనిస్తే వాళ్ళకి మొట్టమొదట ఏం నేర్పాలో నాకు తెలుసు. ఉత్తరం పంపేముందు అటువైపు పెట్టె ఎవరిదో, ఎవరెవరు తెరుస్తారో కనుక్కోండి అని చెప్తాను. అది నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఖరగ్‌పూర్‌లో ఉండరు.

ఆదివారం గుడి అయ్యాక పూరీ గేట్ ఎస్టీడీ బూతు దగ్గర ఎప్పటిలాగే అందరం నిలబడి ఉంటాం. మామయ్యగారు అడుగుతారు. మీకు ఇష్టం లేకపోతే ఆయనకే చెప్పెయ్యండి, నేను అర్థం చేసుకుంటాను. ఇష్టమైతే, సూసన్నకి ఫోను ఇవ్వండి అనండి. ఎప్పుడూ మీరు బాగున్నావా అంటారు, నేను ఊఁ అంటాను, అక్కడ మీ బూతులో మీటరు తిరుగుతుంటుంది, అయిపోతుంది. ఈసారి ఊఁ అనను. అందరూ వింటున్నా సరే, ఎలా ఉన్నానో చెప్తాను.

మొదట్లో నేను రాసిన క్షేమం మళ్ళీ చూడండి. అందులో నా పేరు లేదు. మరిచిపోయి కాదు.

కాల్చెయ్యమని కూడా రాశాను. దాన్ని కొట్టివేద్దామంటే కాగితం పాడవుతుందని ఉంచేశాను. కాల్చకండి. మీ క్యాంటీనంతా విన్న మాటలు మీరు ఒక్కరే చదివిన కాగితం కూడా ఒకటి ఉండాలి. పెట్టె అడుగున పెట్టుకోండి.

భోజనం చేశారా? దానికి మీరింకా జవాబు రాయలేదు.

ఇట్లు,
ఆదివారం ఫోను దగ్గర అందరి వెనకా కాక, ముందు నిలబడబోయే
మీ భార్య,
సూసన్న